విమానం ఎక్కించిన సాయిబు

వీడ్కోలు ప్రార్థన అయ్యేసరికి చిన్నయ్యకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

ధైర్యం చెప్పడానికే సంఘమంతా వచ్చింది. ఆయన తల మీద చేతులు పెట్టి, తలా ఒక ప్రార్థన చేశారు.

"ఆ విమానం రెక్క విరక్కుండా చూడు తండ్రీ!" అని అంకమ్మ గట్టిగా ఏడ్చింది.

"నడిపేవాడికి కునుకు రానీకు ప్రభువా!" అన్నాడు సంఘపెద్ద.

అందరూ "ఆమెన్" అన్నారు.

వాళ్లంతా నిజాంపట్నం పక్కన చేపలు పట్టుకునేవాళ్లు. సముద్రమంటే వాళ్లకు భయం లేదు. ఆకాశమంటేనే భయం.

చిన్నయ్య అక్కడ మిషనరీ. మొన్నటి తుపానుకు ప్రార్థన షెడ్డు పడిపోయింది. ఆదివారం వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. ఇక సేవ మానేద్దామని ఆయన అనుకుంటున్నప్పుడు కొలంబో నుంచి పిలుపు వచ్చింది. అక్కడ సంఘ నాయకుల కూడిక జరుగుతుందట.

"వెళ్లి రండి. మీలాంటివాళ్లు నలుగురు కనబడితే మనసు కుదుటపడుతుంది" అంది భార్య రాహేలు.

చిన్నయ్య రేపల్లెలో తెనాలి రైలెక్కాడు. చెన్నై వెళ్లి అక్కడ విమానం ఎక్కాలి.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. గడ్డం నిండా దూది పోగులు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా? అలా చెమటలు పట్టేశాయి!"

"విమానం ఎక్కాలండి. ఇదే మొదటిసారి."

"ఓస్, అంతేనా! నేను చచ్చిపోతారేమో అనుకున్నా."

"నేనూ అదే అనుకుంటున్నానండి."

పెద్దాయన పకపకా నవ్వాడు. పేరు బడే సాహెబ్ అని చెప్పాడు. తెనాలిలో పరుపులు కుడతాడట. రేపల్లెలో ఒక పెళ్లివారికి పరుపు ఇచ్చి వస్తున్నాడట. చిన్నయ్య తను పాస్టరునని, కొలంబోలో కూడికకు వెళుతున్నానని చెప్పాడు.

"పైకి లేచేటప్పుడు పొట్టలో ఉయ్యాల ఊగినట్టుంటుంది. కాసేపే. చెవులు మూసుకుపోతాయి. నిమ్మబిళ్ల చప్పరించండి. బెల్టు పెట్టుకోవడం రాకపోతే అక్కడి అమ్మాయిని అడగండి, సిగ్గుపడకండి. కిళ్లీ మాత్రం వద్దు. కిటికీ తెరుచుకోదు."

"మీరు చాలాసార్లు ఎక్కినట్టున్నారే!"

"లెక్కెవరు పెట్టుకున్నారు పాస్టరు గారూ!"

తెనాలి వచ్చింది. ఇద్దరూ దిగారు.

బడే సాహెబ్ టీ తీసుకుని వచ్చేసరికి చిన్నయ్య మళ్లీ అదే పెట్టెలో, అదే సీట్లో కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటండీ?"

"ఈ రైలు తిరిగి రేపల్లె వెళుతుంది కదండీ. నేను ఇంటికెళ్లిపోతాను. నా వల్ల కాదు."

"మరి అక్కడ మీకోసం చూస్తుంటారు కదా?"

"నేను రాకపోతే వాళ్లకేం లోటండి? అసలీ సేవే మానేస్తున్నాను."

బడే సాహెబ్ టీ ఆయన చేతికిచ్చి, బ్యాగు తను తీసుకుని దిగిపోయాడు. చిన్నయ్య వెనకే పరుగెత్తక తప్పలేదు.

"నాకూ బాపట్లలో పనుంది. అందాకా కలిసి వెళదాం పదండి."

చెన్నై రైల్లో కూడా ఆయన విమానం కబుర్లు ఆపలేదు. మేఘాల మీద ఎండ ఎలా ఉంటుందో, ఇళ్లు అగ్గిపెట్టెల్లా ఎలా కనబడతాయో చెబుతూనే ఉన్నాడు.

చిన్నయ్యకు విసుగొచ్చింది.

"మీకేమండీ, ఎన్నయినా చెబుతారు! మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా జరిగుంటే తెలిసేది."

బడే సాహెబ్ కిటికీ వైపు తిరిగాడు.

"నిజమేనండి" అన్నాడు మెల్లగా. మళ్లీ వెంటనే ఇటు తిరిగాడు. "దిగేటప్పుడు అందరూ ఒకేసారి లేస్తారు. మీరు తొందరపడకండేం!"

బాపట్లలో దిగి, ప్లాట్‌ఫారం మీద కొన్న నిమ్మబిళ్లలు కిటికీలోంచి అందించాడు. రైలు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

విమానం లేచినప్పుడు పొట్టలో నిజంగానే ఉయ్యాల ఊగింది. చెవులు మూసుకుపోయాయి. చిన్నయ్య నిమ్మబిళ్ల చప్పరిస్తూ కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే కింద ఇళ్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.

కొలంబో కూడికలో ఆయన పక్కన కూర్చున్న పాస్టరుది కూడా జాలరుల పల్లే. ఆ ఊరి చర్చి రెండుసార్లు గాలికి కొట్టుకుపోయిందట.

"మరి ఇప్పుడెక్కడ కూడుకుంటున్నారు?" అనడిగాడు చిన్నయ్య, వచ్చీరాని ఇంగ్లీషులో.

"పడవల నీడలో" అన్నాడాయన నవ్వుతూ.

చిన్నయ్యకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే రాహేలుకు ఫోన్ చేశాడు.

"వచ్చే ఆదివారం ఆరాధన ఉందని అందరికీ చెప్పు. షెడ్డు లేకపోయినా సరే."

తిరిగి వస్తూ తెనాలిలో దిగాడు. బడే సాహెబ్ కోసం కొలంబో టీ పొడి తెచ్చాడు. పరుపుల కొట్టు వెతుక్కుంటూ వెళ్లాడు.

కొట్లో ఆయన భార్య నూర్ బీ దిండు కుడుతోంది.

"ఆయన నందివెలుగు వెళ్లారండి. మీరెవరు?"

చిన్నయ్య చెప్పాడు. బాపట్ల దాకా కలిసి ప్రయాణం చేశామన్నాడు.

"బాపట్లా? అక్కడ మాకెవరూ లేరే! ఏం పని మీద వెళ్లారో!"

చిన్నయ్యకు ఏదోలా అనిపించింది.

"నిన్ననే కొలంబోలో అందరికీ ఆయన గురించి చెప్పానమ్మా. లెక్కలేనన్నిసార్లు విమానం ఎక్కిన మనిషి నాకు ధైర్యం చెప్పాడని."

నూర్ బీ చేతిలో సూది ఆగింది.

"ఎక్కింది ఆయన కాదు బాబూ. మా అబ్బాయి అయాజ్. కువైట్‌లో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా ఆ కబుర్లే చెప్పేవాడు. ఈయన పక్కన కూర్చుని వినేవారు."

"మరి సాయిబు గారు ఎప్పుడూ...?"

"ఎయిర్‌పోర్టు దాకా ఒక్కసారే వెళ్లారు" అంది నూర్ బీ. "విమానంలో వచ్చిన అయాజ్ శవాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి."