ముత్తవ్వ పిలుపు

గౌలిపురలో పాలమ్మే గుండయ్యకు చీకటంటే భయం లేదు. పుట్టిన బిడ్డకు తన ముత్తవ్వ పేరు పెట్టాలని అతని పట్టుదల. ఆ పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. 1938 చలికాలం, పొద్దుగూకాక కందిలి పట్టుకొని బర్ల కొట్టంలో ఉన్న మేనత్త సక్కుబాయిని అడిగాడు.

"పేరు యాదిలేదు బిడ్డా. బర్లను ఎట్ల పిలుస్తుండెనో యాదున్నది," అని ముసలామె గొంతు సన్నగా చేసి పిలిచింది.

పడుకున్న బర్లన్నీ లేచాయి. ఆమె వైపు కాదు, కొట్టం చివరి చీకటి వైపు తిరిగాయి. అక్కడ ముంతలో చుర్రుమని పాలధార పడసాగింది.

"ఆడ ఎవరున్నరు అత్తా?"

"ఎవ్వరు లేరు. పాలు ఎప్పుడో పిండినం."

గుండయ్య కందిలి ఎత్తి అటే నడిచాడు.

"ముత్తవ్వా, నా బిడ్డకు నీ పేరు గావాలె. చెప్పు."

పాలధార ఆగింది. ఎవరో పీట జరిపి లేచిన చప్పుడైంది.