కార్డు మనిషి

"కార్డు మనిషి రాకుండా ఇచ్చేది లేదు. పక్కకు జరుగమ్మా, ఎనక జనముండారు."

గుమాస్తా బాలసుబ్రమణ్యం ఆ మాట అనడం అది మూడోసారి. రాఘవమ్మ కదల్లేదు. కౌంటరు చెక్కను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

అది చిత్తూరులో లైసెన్సున్న గంజాయి అంగడి. డెబ్బైల నాటి మాట, చట్టం ఇంకా బిగుసుకోలేదు. డాక్టరు కాగితం రాసిచ్చి, పేరు రిజిస్టరులో ఎక్కి కార్డు చేతికొస్తే, నెలకింత అని తూచి ఇచ్చేవాళ్లు. సాధువులు, ముసలి రోగులు, కీళ్లు పట్టేసిన బండివాళ్లు వరసలో నిలబడేవాళ్లు. ఆడదాని పేరు మాత్రం ఆ రిజిస్టరు ఎక్కిన పాపాన పోలేదు. ఆ రోజు వరసలో ఆడమనిషి రాఘవమ్మ ఒక్కతే. మగాళ్లంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. చూస్తే చూడనీ, సిగ్గుపడే ఓపిక కూడా ఆమెకు లేదు.

"పూతలపట్టు కాడ్నించి వచ్చినా సామీ. ఇంట్లో పొట్లం అయిపోయి ఐదు దినాలైంది. కడుపులో పుండు. కత్తి పెట్టి తిప్పినట్టుంటాది. కూడు లేదు, నిద్ర లేదు. సచ్చిపోతే మేలనిపిస్తాది సామీ!"

"నాకు తెలీదామ్మా? నీ మొగుడు మునిరత్నం ఎనిమిదేండ్లుగా నెల తప్పకుండా వస్తానే ఉండె. మనిషి సూస్తే దుక్క మాదిరి ఉంటాడు. యాడ నొప్పో ఏమో, ఒక్కనాడు అబ్బా అన్నది ఇన్లేదు నేను. అదట్లుంచు. ఈ తూరి తానే రావల్ల. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. మనిషిని సూడకుండా సరుకిస్తే నా ఉద్యోగం ఊడబీకుతాడు."

"ఆయన రాలేడు సామీ."

"జట్కా కట్టించుకొని రమ్మను."

"రాలేడు."

"మంచంతో సహా మోయించుకొని రా తల్లీ!"

రాఘవమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఏం కట్టినా రాలేడు సామీ" అంది.

బాలసుబ్రమణ్యం చెడ్డవాడు కాదు. అయినా పెళ్లాం బిడ్డలున్నవాడు. ఆమె వైపు చూడకుండా తర్వాతి వాడి కార్డు అందుకున్నాడు.

రాఘవమ్మ బయటికొచ్చి అరుగు మీద కూలబడింది. మోకాళ్లు పొట్టకు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ముడుచుకుపోయింది. ఇంకో రాత్రి అట్లా గడవాలంటేనే భయమేసింది.

గళ్ల లుంగీ వాడొకడు పక్కకొచ్చి నిలబడ్డాడు. "కార్డూ వొద్దు, గీర్డూ వొద్దక్కా. సందులోకి రా. తమిళ బార్డరు నుంచి వచ్చిన సరుకుండాది" అన్నాడు గొంతు తగ్గించి.

మునిరత్నం మాట గుర్తొచ్చింది. "కార్డు సరుకు తప్ప ముట్టుకోకూడదే. దొంగసరుకులో ఉమ్మెత్త గింజలు నూరి కలుపుతారు, పానానికే మోసం. పట్టుకుంటే ఇద్దరికీ సంకెళ్లు." ఎనిమిదేళ్లూ ఆ మాట మీదే ఉన్నాడు. గంజాయి మునిరత్నం అని ఊరంతా ఎగతాళి చేసింది. పండక్కి పిలిచి, భోజనాల దగ్గర వేరే వరసలో కూర్చోబెట్టారు. నవ్వి ఊరుకునేవాడే తప్ప ఒక్కరికీ బదులు చెప్పలేదు, మహానుభావుడు.

కానీ నొప్పి ముందు ఎవరి మాట నిలబడుతుంది? రాఘవమ్మ కొంగు ముడి విప్పసాగింది.

"రాఘవక్కా! నువ్వీడ?"

తలెత్తి చూసి గతుక్కుమంది. చిన్నబ్బ! వాళ్ల వీధివాడే, మోకాళ్ల నొప్పులకు కార్డున్నవాడు. వాళ్లింటి సంగతులన్నీ ఎరిగినవాడు. గళ్ల లుంగీ వాడు చల్లగా జారుకున్నాడు.

లోపల్నుంచి బాలసుబ్రమణ్యం కేకేశాడు. "ఏమబ్బా చిన్నబ్బా, మీదీ ఆ ఊరే గదా? ఈయమ్మ మొగుడు నిజంగానే రాలేడా? నువ్వు సెప్పు, నమ్ముతా."

రాఘవమ్మ గుండె ఆగినంత పనైంది. చిన్నబ్బ వైపు చూసి రెండు చేతులూ జోడించింది.

చిన్నబ్బ ఆమెను చూశాడు. ముడుచుకుపోయిన ఆ తీరు చూశాడు.

"నిజమే సారూ. లేసే మాటే లేదు. మేం నలుగురం ఎత్తితేగానీ కదల్లేదు."

"సాక్షి ఏలిముద్ర ఏస్తావా?"

"ఏస్తా."

వేశాడు. బాలసుబ్రమణ్యం ఆకు తూచి, పొట్లం కట్టి, ఎప్పుడూ చెప్పే జాగ్రత్తలు వల్లించాడు.

"నేతిలో వేంచి, బెల్లంలో నూరి, రేగిగింజంతే ఇయ్యి. ఎంటనే గుణం కనపడలేదని ఇంకో ముద్ద మింగనీయొద్దు, రెండు గంటలు ఓర్చుకోవల్ల. తిన్నంక బాయి కాడికీ బండి కాడికీ పోనీయొద్దు. మిగిలింది పెట్టెలో పెట్టి బీగమెయ్యి. ఇరుగుపొరుగు అడిగినా చిటికెడు ఇయ్యకూడదు, కార్డు రద్దయిపోతాది."

"సరే సామీ. నీ కడుపు సల్లగుండ!"

బయటికొచ్చి చిన్నబ్బ కాళ్ల మీద పడబోయింది. అతను గబుక్కున వెనక్కి జరిగాడు. "బస్సు వస్తాండాది, పో అక్కా" అని మొహం తిప్పేసుకున్నాడు.

పూతలపట్టు దాకా బస్సు ఎగిరెగిరి పడింది. పడ్డప్పుడల్లా రాఘవమ్మ పళ్లు బిగబట్టింది. పొట్లం మాత్రం వదల్లేదు.

ఇల్లు చేరి గడియ పెట్టుకున్నాక రాఘవమ్మ, మొగుడు పోయి ఇరవై రోజులైనా అంగడి కోసమని పొద్దున మళ్లీ పెట్టుకున్న బొట్టును కొంగుతో తుడిచేసుకుని, ఎనిమిదేళ్లుగా అతను ఆమె కోసమే తెచ్చిపెట్టిన ఆ మందును రేగిగింజంత ముద్ద చేసి నోట్లో వేసుకుంది.