కిటికీ పక్క కొక్కెం

నవంబరు 14. పొద్దుటి నుంచి ముసురు. పద్దెనిమిది జతల బూట్లు కడిగి ఆరబెట్టాను.

ఆగస్టులో మా ఫుట్‌బాల్ క్లబ్బుకు వచ్చిన స్ట్రైకర్‌ను ఈరోజు పంపించేశారు. పాత క్లబ్బులో ఇరవై గోల్సు కొట్టినవాడు ఇక్కడ ఒక్కటీ కొట్టలేదు. జట్టులో ఇమడలేకపోయాడని కోచ్ రిపోర్టులో రాశాడు.

అతను బ్యాగు సర్దుకుంటూ అన్నాడు. "ఒక్కడైనా పాస్ ఇస్తే కదా బాబాయ్. గోల్ స్తంభానికి తగిలినన్ని సార్లు కూడా బంతి నాకు తగల్లేదు. ఇక్కడ నన్ను మనిషిగా చూసింది నువ్వొక్కడివే. వచ్చీ రాగానే కిటికీ పక్క చోటిచ్చావు."

"ఖాళీగా ఉంది, ఇచ్చాను," అన్నాను.

మా డ్రెస్సింగ్ రూములో నేను ఎవరి జెర్సీ ఏ కొక్కేనికి తగిలిస్తే అదే వాళ్ల చోటు. కిటికీ పక్క కొక్కెం కెప్టెన్ తమ్ముడిది. ఇతన్ని తీసుకోవడానికే ఆ తమ్ముణ్ణి క్లబ్బు వదిలేసింది. గాలీ వెలుతురూ వచ్చే చోటని తగిలించానే గానీ, ఆ సంగతి ఆలోచించలేదు. మొదటి రోజే కెప్టెన్ అటు చూసి మొహం తిప్పుకున్నాడు. మిగతావాళ్లూ తిప్పుకున్నారు. మర్నాడే జెర్సీ మార్చి ఉండవచ్చు. మారిస్తే పొరపాటు నాదని ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

వెళ్తూ అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ మేలు మరిచిపోను బాబాయ్."

రేపు మరో కొత్తవాడు వస్తున్నాడు. జెర్సీ ఇస్త్రీ చేశాను. దాన్ని తీసుకెళ్లి మళ్లీ ఆ కిటికీ పక్క కొక్కేనికే తగిలించాను.