గడ్డి మీద నీళ్లు

శనివారం ఉదయం ఆరు గంటలకు, మామండూరు అడవిలో, ఒక ముసలాయన నవాబ్‌ను చొక్కా విప్పమన్నాడు.

నవాబ్‌కు తిరుపతిలో టైలరింగ్ షాపు ఉంది. ముందురోజు భార్య ఉమ్మే సల్మాతో జలపాతం చూడడానికి వచ్చి, అడ్డదారి పట్టి తప్పిపోయాడు. బాటిల్‌లో నీళ్లు సాయంత్రమే అయిపోయాయి. ఫోన్లకు సిగ్నల్ లేదు. సల్మా లేచి నిలబడలేకపోతోంది. తెల్లవారుతుండగా ఈయన కనిపించాడు.

చొక్కా పట్టుకుని చూసి ముసలాయన విసుక్కున్నాడు.

"పాలిస్టర్ కదప్పా ఇది. మంచు పీల్చదు."

సల్మా నూలు దుపట్టా అడిగి తీసుకున్నాడు. గడ్డి మీద ఈడ్చుకుంటూ పోయి, తడిసిన గుడ్డను బాటిల్‌లోకి పిండాడు. గుక్కెడు నీళ్లు దిగాయి. గడ్డి తొక్కవద్దని నవాబ్‌ను కసిరాడు.

"ముందు దారి చూపించు పెద్దాయనా," అన్నాడు నవాబ్.

"ఈడనే ఉండండి. మనుషులొస్తారు."

ఎవరొస్తారని అడుగుతుండగానే మళ్లీ గడ్డిలోకి వెళ్లాడు.

ఈయన ఎర్రచందనం కొట్టే మనిషని, పోలీసులకు భయపడే రోడ్డు మీదికి రావడం లేదని నవాబ్ భార్యతో గుసగుసలాడాడు.

"ఆయన నీళ్లు తెస్తున్నాడు, నువ్వు మాటలు తెస్తున్నావు," అంది సల్మా.

ఎండ వచ్చేసరికి బాటిల్ అడుగున నాలుగు వేళ్ల నీళ్లు చేరాయి. సల్మా సగం తాగి బాటిల్ చాచింది.

"నువ్వూ తాగు తాతా."

"శనివారం కదమ్మా. ఒక్కపొద్దు."

రోజా ఉపవాసం ఉన్నవాళ్లు నీళ్లు ముట్టరు. సల్మా బలవంతం చేయలేదు. మిగిలింది నవాబ్ తాగేశాడు.

ముసలాయన బండకు ఆనుకుని కూర్చున్నాడు. నవాబ్ దారి అడుగుతూనే ఉన్నాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు నిద్ర," అని నవాబ్ తల కొట్టుకున్నాడు.

పొద్దెక్కాక అటవీ సిబ్బంది వచ్చారు. నేరుగా ముసలాయన దగ్గరికి వెళ్లారు. గార్డు మునిరామయ్య ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. టోపీ తీశాడు.

ఈయనకు నీళ్లు తాగించలేదా అని అడిగాడు.

"ఒక్కపొద్దన్నాడు," అంది సల్మా.

"ఒక్కపొద్దుకు నీళ్లు తాగొచ్చు కదమ్మా."

తాము ఇక్కడున్నట్టు ఎలా తెలిసిందని నవాబ్ అడిగాడు.

"మీ సంగతి మాకు తెలీదప్పా. బుధవారం నుంచి ఈయన కోసమే తిరగతా ఉండాము. గూడూరు పెంచలయ్య. తిరుమల కొండకు నడిచిపోతా దారి తప్పినాడు."