మూడో ప్రశ్న

ఫిబ్రవరి పదకొండు. ఆ మధ్యాహ్నం డాక్టర్ హైమవతి తిన్నది చల్లారిన శనగపిండి ఖమన్ రెండు ముక్కలే. సాయంత్రం ఆరింటికి లింబాయత్ మగ్గాల పేటలోని తన క్లినిక్‌లో మరమగ్గం కార్మికుడు రాజనర్సు చేతులు పట్టుకుని చూసేసరికి ఆకలి సంగతే మరిచిపోయింది. రెండు చేతుల వేళ్ల కణుపులూ ఉబ్బి ఉన్నాయి. పక్కల నుంచి అదిమితే అతను పళ్లు బిగబట్టాడు.

కీళ్ల జబ్బుల నిపుణుడు కుటుంబ వైద్యులకు పంపిన సిఫారసు చీటీ ఆమె బల్ల మీద ఉంది. అందులో మూడు ప్రశ్నలు. మూడింటికీ "ఉంది" అని రాస్తే వారంలో చూస్తారు. ఒక్కటి తప్పినా మామూలు వరుసే, అంటే ఐదు నెలలు. ఈ జబ్బు అన్నాళ్లు ఆగదు, వేళ్లను వంకర చేసేస్తుంది. మరమగ్గం మీద తెగిన పోగుకు ముడి వేయలేనివాణ్ని ఏ సేఠూ పనిలో ఉంచుకోడు.

వాపు ఉంది. అదిమితే నొప్పి ఉంది. మిగిలింది మూడోది.

"పొద్దున చేతులు బిగుసుకుపోతాయా రాజనర్సు గారూ? అరగంటో, గంటో?"

"లేదు డాక్టరమ్మా. పొద్దుగాల మంచిగనే ఉంటయి."

"బాగా గుర్తు చేసుకోండి."

"గుర్తేంది, నా చేతులే గద. పొద్దుగాల ముడి మీద ముడి ఏస్త. సాయంత్రమే మొద్దుబారుతయి."

పని అలసటేనేమో అనుకుందామంటే ఆ వాపు అనుకోనివ్వడం లేదు. ఆమె నిపుణుడి ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలింది. అవతలి అమ్మాయి మర్యాదగానే, మూడూ ఉండాల్సిందే మేడం అంది. చివరికి హైమవతి గొంతు తగ్గించి, కొంచెం బిగుసుకుంటాయని రాసేయనా అని అతన్నే అడిగింది.

రాజనర్సు నవ్వాడు. "నాకోసం దొంగ రాత రాస్తరా? నాకంటే ఎక్కువ బాధ ఉన్నోడు ఎనకకు పోతడు గదమ్మా. వద్దు."

ఆమె మూడో గడిలో "లేదు" అని రాసింది. ఐదు నెలలన్న మాట విని అతను చీటీ బల్ల మీదే వదిలేసి లేచాడు. దండం పెట్టబోతే అరచేతులు ఒకదానికొకటి ఆనలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు క్లినిక్‌కి వెళ్తూ హైమవతి, అతను వదిలేసిన చీటీ ఇచ్చిపోదామని దారిలో ఆటో ఆపించి, రిజిస్టర్‌లో ఉన్న అడ్రసు పట్టుకుని ఆ సందులోకి నడిచింది. సందు నిండా బడికి పోయే పిల్లలు. అతని భార్య సమ్మక్క తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. జర మెల్లగ మాట్లాడమనీ, ఆయన గిప్పుడే పండుకున్నడనీ అంది.

హైమవతి చీటీ ఇవ్వబోయి ఆగింది. వెనక్కి తిరిగి సందులోని ఎండను చూసింది. మళ్లీ లోపలికి చూసింది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది.

"ఎన్నింటికి లేస్తారు?"

"నాలుగింటికి. లేసినంక గంట సేపు చాయ్ గ్లాసు గూడ పట్టరాదు. నేనే తాపిస్త."

హైమవతి చీటీని గోడకు ఆనించి "లేదు" కొట్టేసింది. పక్కనే "ఉంది" అని రాసి, పైన అర్జెంట్ అని రాసి రెండు గీతలు గీసింది. వారంలో చూస్తారనీ, చేతులు దక్కుతాయనీ చెప్పింది.

సమ్మక్క చీటీ వంక అనుమానంగా చూసి, దొంగ రాత వద్దని నిన్ననే ఆయన చెప్పిండు గదా అని అడిగింది.

"దొంగ రాత కాదమ్మా. నాకే అడగడం రాలేదు. పొద్దున అన్నాను, నిద్ర లేవగానే అనాల్సింది."

సమ్మక్క చీటీని కళ్లకద్దుకుంది. "మీకు తెల్లారింది గని డాక్టరమ్మా, నైట్ షిఫ్టోళ్లం, మాకు గిప్పుడే రాత్రయింది" అంటూ చప్పుడు కాకుండా తలుపు మూసింది.