ఆఖరి ముక్క లెక్క

బ్రిట్టా స్కేలు పట్టుకొని చర్చి నేలమాళిగలోని పొడవాటి బల్ల మీదికి వంగింది. నిమ్మరసంతో చేసే మిఠాయి, లెమన్ బార్ల పళ్ళెంలో ఒకే ఒక్క ముక్క మిగిలి ఉంది.

"కొలిచింది చాలు గానీ, నోట్లో వేసుకో తల్లీ," అంది మార్లిస్ బామ్మ.

"మీరు తినండి బామ్మా."

"నాకెందుకమ్మా? సగమైతే సరే."

బామ్మ సగం కోసుకొని వెళ్ళింది. తరువాత వచ్చినావిడ ఆ సగంలో సగం తీసుకుంది. ఉత్తర మిన్నెసోటాలోని ఆ ఊళ్ళో ఆఖరి ముక్క తిన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకపోవడమే శిక్ష. అందుచేత అది సగమై, సగంలో సగమై, చీమకు సైతం మొహమాటం పుట్టించే పరిమాణానికి చేరి పళ్ళెంలోనే ఉండిపోతుంది. హాట్‌డిష్‌ల సంగతి మరీ అన్యాయం. బంగాళాదుంపలూ కైమా కలిపి ఓవెన్‌లో కాల్చిన ఆ వంటకం అడుగు కనిపించగానే, గరిటె పట్టిన చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. చర్చిలో ప్రతి బుధవారం జరిగే విందుకు ఇంటికొక గిన్నె వస్తుంది. ప్రతి గిన్నెలోనూ ఒకరికి సరిపడా మిగులుతుంది.

ఊరికి అక్కరకొచ్చే లెక్క ఏదైనా చేసుకురమ్మని హాగెన్ మాస్టారు తరగతికి చెప్పినప్పుడు బ్రిట్టాకు ఈ మిగులే తట్టింది. నెగ్గిన లెక్క డులూత్‌లో జరిగే రాష్ట్ర పోటీకి వెళుతుంది. తాను ఓడితే ఆ అవకాశం తన తరగతిలోనే చదివే కర్టిస్‌ది. ఊళ్ళో ఉన్న ఏకైక ట్రాఫిక్ లైటు ఏ వేళ ఎర్రగా వెలగాలో అతడు వంకర గీతలు గీసి సిద్ధంగా ఉన్నాడు. కర్టిస్ చేతిలో ఓడడం కన్నా గణితానికి దండం పెట్టడం మేలని బ్రిట్టా నిశ్చయించుకుంది.

ఆమె సిద్ధాంతం సరళమైనది. మిగులు తిండిని బట్టి కాదు, గిన్నెల సంఖ్యను బట్టి ఉంటుంది. గిన్నెకొక ఆఖరి గరిటె. అన్నిటినీ ఒకే గిన్నెలో కుమ్మరిస్తే ఊరంతటికీ ఆఖరి గరిటె ఒక్కటే.

వచ్చే బుధవారం స్వయంగా వచ్చి, కళ్ళారా చూసి తేలుస్తానన్నారు మాస్టారు. అడ్డుపడినవాడు పాస్టర్ ఒడెగార్డ్. పెళ్ళాం పిల్లలు లేని మనిషి, ఎవరి మాటా కాదనని మనిషి, అందరూ వెళ్ళాక తానొక్కడే నేలమాళిగ సర్ది తాళం వేసుకునే మనిషి, ఆ వారమంతా బ్రిట్టా వెంటపడ్డాడు. అంతటి గిన్నె దొరకదన్నాడు. బ్రిట్టా తన మేనమామ మేపుల్ చెట్ల రసంతో పాకం కాచే తొట్టిని తోమించి ఉంచింది. ఒకరి వంటలో ఒకరిది కలిస్తే ఆడవాళ్ళు నొచ్చుకుంటారన్నాడు. తన వంటలో ఉప్పెక్కువని ఇక ఎవరూ కనిపెట్టలేరన్న ధైర్యంతో అందరికన్నా ముందు ఒప్పుకున్నది మార్లిస్ బామ్మే. చివరకు పాస్టర్ బైబిలు తెరిచాడు.

"అయిదు వేలమందికి రొట్టెలు పంచిననాడు కూడా పన్నెండు గంపలు మిగిలాయి అమ్మాయ్. మిగలడమే దీవెన."

బ్రిట్టా ఒక్క క్షణం పెదవులు కదిపింది. "మన విందుకు వచ్చేది ఎనభై మంది పాస్టర్ గారూ. ఆ లెక్కన మన వాటా దీవెన గంపలో అయిదో వంతు. అంతకు మించితే దుబారా."

"ఆనాటి గంపలు పెద్దవేమో," అన్నాడాయన నీరసంగా.

"ఎలాగూ చెత్తకుండీ పాలయ్యేదే కదండీ. మీకెందుకంత బెంగ?"

పాస్టర్ బైబిలు మూశాడు. ప్రార్థన చేసుకోవాలంటూ వెళ్ళిపోయాడు.

బుధవారం తొట్టి వచ్చింది. ఇంటింటి హాట్‌డిష్ అందులో పడి ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోయింది. ఎంత తోడినా అడుగు కనిపించకపోవడంతో ఎవరికీ మొహమాటం పుట్టలేదు. అందరూ మారు వడ్డించుకున్నారు. పాస్టర్ అయితే నాలుగోసారి కూడా పళ్ళెం పట్టుకొని వచ్చాడు. ఆయన తన సిద్ధాంతానికి తల వంచాడనుకొని బ్రిట్టా మురిసిపోయింది. చివరకు తొట్టి మూలన ఒక్క గరిటెడు మిగిలింది. అది సగమైంది, మళ్ళీ సగమైంది. స్కేలుకు అందనంత చిన్నదయ్యాక మాస్టారు లేచి, డులూత్‌లో చలి ఎక్కువ, మంచి కోటు సర్దుకొమ్మన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టర్ కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

శుక్రవారం సాయంత్రం, గెలిచినవాళ్ళకు ఉండవలసిన పెద్దమనసుతో బ్రిట్టా ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు తీయగానే పొగ ఎదురొచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ బార్లా తెరిచి ఉంది. లోపల గురువారం నుంచి మంగళవారం దాకా చీటీలు అంటించిన ఖాళీ డబ్బాలూ, బల్బూ తప్ప మరేమీ లేవు. పొయ్యి మీద మాడి నల్లబడిన గిన్నె ముందు పాస్టర్ గరిటె పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"సమయానికి వచ్చావు అమ్మాయ్," అంటూ ఆయన గిన్నె చూపించి అడిగాడు:

"గుడ్డు ఉడకాలంటే నీళ్ళు కూడా పొయ్యాలా?"