గోడ పక్క గాలిమర

భార్య మొగిలమ్మను చంపింది పక్కింటి కిషన్ రావు. కొమురెల్లికి అది తేలిపోయిన సంగతి. దాని మీద వాదన లేదు.

నాలుగేళ్ల కింద వర్ధన్నపేటలో గాలివానకు పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. మొగిలమ్మ ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. ఆ రోజే కిషన్ రావు ఇంట్లో కూతురి నిశ్చితార్థం. వాకిట్లో అద్దె జనరేటర్ నడుస్తోంది. కొమురెల్లి వైరు చుట్ట భుజాన వేసుకుని గోడ దగ్గరికి పోయి అడిగాడు.

"లోడు ఆగది కొమురెల్లీ. వీడియో లైట్లు ఆరిపోతయ్," అన్నాడు కిషన్ రావు.

దవాఖానకు ఆటో దొరికేలోపే మొగిలమ్మ పోయింది.

పదోనాడు పెద్దమనుషుల ముందు కొమురెల్లి లేచి నిలబడ్డాడు. ఈ ఇంటికీ ఆ ఇంటికీ నిప్పు బంద్, నీళ్లు బంద్, మాట బంద్ అని చెప్పి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ గోడ మీదుగా అగ్గిపుల్ల కూడా చేతులు మారలేదు.

మొన్న ఎండాకాలంలో అతడు పెరట్లో గాలిమర పెట్టాడు. ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చేసిన చేతులు. ఒక పాత మోటారు, పీవీసీ పైపు చీల్చి చేసిన మూడు రెక్కలు, ముప్పై అడుగుల ఇనుప స్తంభం, కింద రేకు పెట్టెలో బ్యాటరీలు. ఇంకెక్కడా చోటు లేనట్టు కిషన్ రావు గోడ పక్కనే పాతాడు. అది కూడా ఎప్పుడు? కిషన్ రావు భార్య అరుణకు మొగిలమ్మ రోగమే వచ్చి, అలాంటి మిషనే ఆ ఇంటికీ వచ్చిన వారంలో.

"కక్ష," అంది వాడ. "పొద్దున లేస్తే వాళ్ల కండ్లల్ల పడాల్నని పెట్టిండు."

కొమురెల్లి కాదనలేదు.

వాడవాళ్లు మున్సిపాలిటీకి అర్జీ రాశారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ పద్మలత రెండు నోటీసులు పంపింది. మొదటిది కొమురెల్లి పొయ్యిలో పెట్టాడు. మూడోసారి ఆమే వచ్చింది, చేతిలో టేపుతో, వెంట ఎలక్ట్రీషియన్ పోశయ్యతో.

మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. కొమురెల్లి గడప మీద కూర్చుని రెండో నోటీసుతో విసురుకుంటున్నాడు.

"కరెంటు నువ్వే తయారు చేస్తానవ్ గదా కాకా. ఫ్యానేసుకోరాదు?" అంది పద్మలత.

"నాకు ఉబ్బ అలవాటే."

ఆమె కొలిచింది. "స్తంభం ముప్పై ఫీట్లు. గోడకు దూరం రెండు ఫీట్లు. ఎంత ఎత్తుంటే గోడకు అంత దూరం ఉండాలె. రూలు."

"నా జాగ వెడల్పే ఇరవై రెండు."

"అందుకే తీసేయాలె. పొరపాటున అటు పడితే?"

"పడది. నేను పాతిన."

"చప్పుడొకటి. పక్కింట్ల పేషెంటుంది. ఆమెకు కష్టమైతాందని రాసిండ్రు."

"ఆమె రాసిందా?"

"వాడ రాసింది."

"వాడకు చెవులు పెద్దయి."

పోశయ్య నవ్వాపుకుని అటు తిరిగాడు. పద్మలత ఫారం తీసింది. అందులో సెల్ టవర్‌కు గడి ఉంది, హోర్డింగ్‌కు ఉంది. గాలిమరకు లేదు. కాసేపు వెతికి 'ఇతర కట్టడాలు' కింద రాసింది.

"ఒక్కటే తొవ్వ ఉంది కాకా. అభ్యంతరం లేదని పక్కింటాయన సంతకం పెడితే మినహాయింపు ఇస్త."

"నా పెండ్లాం ఊపిరికి వైరియ్యనోడు, నా పెరట్ల గాలికి సంతకమిచ్చుడేంది? నాకద్దు."

గోడ అవతల కిషన్ రావు తల కనిపించింది. నాలుగేళ్లలో పూర్తిగా నెరిసిపోయింది.

"మేడం, అసలు ముచ్చటేందంటే..."

"మేడం," అన్నాడు కొమురెల్లి, గోడ వైపు చూడకుండా. "ఆ మనిషిని నోరు మూసుకొమ్మనుండ్రి. మాట బంద్."

తల దిగిపోయింది. గోడ అవతల అరుణ మిషన్ ఒక్కతీరుగా బుస్సుమంటోంది. ఆ చప్పుడు కొమురెల్లికి తెలుసు. రెండేళ్లు దాని పక్కనే పడుకున్నాడు.

"ఆఖరుసారి అడుగుతాన కాకా. తీస్తవా, తీయవా?"

"తీయ. కేసు పెట్టుకోండ్రి. జైల్లెయ్యుండ్రి. దీన్ని ముట్టాల్నంటే ముందు నన్ను ముట్టాలె."

లేచి వచ్చి రేకు పెట్టె ముందు నిలబడ్డాడు. గాలికి రెక్కలు అతడి నెత్తిమీద గిర్రున తిరుగుతున్నాయి.

పద్మలతకు కూడా కోపం వచ్చింది. "పోశయ్యా, ముందు వైరు కట్ చెయ్. స్తంభం రేపు క్రేన్ తెచ్చి తీపిద్దాం."

వైరు నేలలో పాతి ఉంది. కొమురెల్లి తిరిగేలోపే పోశయ్య పెట్టె వెనక్కి పోయి పలుగుతో మట్టి గీరాడు. జానెడు తవ్వి ఆగాడు. తల తిప్పి కొమురెల్లి ఇంటి వైపు చూశాడు. మళ్లీ వైరును చూశాడు. కటింగ్ ప్లేయర్ జేబులో పెట్టేసుకున్నాడు.

"మేడం, మీరొక్కసారి ఇటు రావాలె."

ఆమె వంగి చూసింది. వెంటనే లేవలేదు. లేచాక ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"సంతకం నేనే పోయి తెచ్చుకుంట," అంది.

"మీ ఇష్టం. నేనైతే అడగలే."

"ముందే చెప్తే అయిపోతుండె గదా కాకా."

"నిప్పు బంద్ అన్న, నీళ్లు బంద్ అన్న, మాట బంద్ అన్న. అవి ఇప్పటికీ బందే. కరెంటు అనలే. ఇగ సచ్చేదాంక ఈ ముచ్చట నా నోట రాదు," అని కొమురెల్లి, గోడ కింద నుంచి అరుణ మిషన్ దాకా పోయిన ఆ వైరు మీదికి కాలితో మట్టి తోసి గట్టిగా తొక్కాడు.